తొంభై నిండితే గాని

సింహాచలమ్మ నెలలో మూడోసారి పరీక్షకు రక్తమిచ్చింది. ముందు రెండుసార్లూ పలాసలో డయాలసిస్ చేసేచోట ఒకటే మాట: నీ రిపోర్టు మాకు రాలేదు. చేతిలో చీటీ ఉంది, దాని మీద క్రియాటినిన్ తొమ్మిది అని ఉంది, అంటే కిడ్నీలు పోయినట్టే. చీటీ చెల్లదట. జిల్లా సర్వర్లో ఉంటేనే మనిషికి జబ్బున్నట్టు. ఈరోజు శుక్రవారం, అయిదింటికి జాబితా మూసేస్తారు. పేరు లేకపోతే మళ్ళీ నెల దాకా సీటు లేదు. ఆమె పాదాలు ఉబ్బి అప్పటికే చెప్పుల్లో పట్టడం లేదు.

వజ్రపుకొత్తూరు దగ్గర ఆమె రక్తమిచ్చిన చిన్న లాబులో టెక్నీషియన్ ప్రమోదిని. పరీక్ష చేసి ఫలితం కంప్యూటరులో కొడుతుంది. దాన్ని జిల్లాకు పంపడం ఇంకో ప్రోగ్రాం పని. నెట్ ఊరికే పోతుంటుంది కనక, విశాఖలో కూర్చున్న ఇంజనీరు యువరాజు ఆ రెండింటి నడుమ బఫర్ అని ఒకటి పెట్టాడు. నల్లతెర మీద ఒకే ఒక్క లైను కమాండు. ఇటునుంచి వచ్చింది పట్టి ఉంచుకుని, అటు దారి దొరికినప్పుడు వదలడమే దాని పని.

సాయంత్రం నాలుగున్నరకు అటెండరు దానయ్య మెయిన్ కిందికి లాగేస్తాడు. ఉప్పుగాలి వైర్లను తినేసి ఒకసారి బోర్డు అంటుకుంది. అప్పటినుంచీ అదే ఆచారం. కంప్యూటరును విడిగా ఆపాలన్న ఆలోచన ఎవరికీ లేదు. మెయిన్ దించితే అన్నీ ఆగుతాయి కదా.

సింహాచలమ్మ ఫలితం కొట్టాక ప్రమోదిని యువరాజుకు ఫోన్ చేసింది. ఇది పదకొండోసారి. లోపలికి వస్తోంది, బయటికి సున్నా అని తెర మీద ఉన్నది చదివి చెప్పింది. అతను నెట్ చూసుకోమన్నాడు. చూశానంది. ప్రోగ్రాం నడుస్తోందా అన్నాడు. నడుస్తోందంది. నడుస్తుంటే ఇంకేం, దేన్నీ మూయొద్దు, సోమవారం చూస్తానన్నాడు. అతని సోమవారాలు ఆమె ఇప్పటికి ఆరు చూసింది.

బల్ల మీంచి సింహాచలమ్మ అడిగింది. "ఏటంతాడు?"

"అంతా బాగుందంతన్నాడు."

"ఎవులికి?"

ప్రమోదిని తెర వైపు తిరిగింది. ఆ కమాండు పేరు కొట్టి, దాని సహాయం పేజీ తెరిచింది. ఇంగ్లీషు సగమే అర్థమైంది. సగం చాలింది. లైను చివర తొంభై అని ఒక అంకె ఉంది. తొంభై శాతం నిండితే గాని బయటికి వదలకు అని దానర్థం. కొండంత డేటాను టేపుల కెక్కించే పెద్ద కంపెనీలకు పనికొచ్చే లైను అది. యువరాజు ఎక్కణ్ణుంచో ఎత్తి తెచ్చి ఇక్కడ అతికించాడు. ఇక్కడ రోజుకు ఇరవై మంది. ఈ ఉద్దానం ఊళ్ళన్నిటి రక్తమంతా పిండి పోసినా అది నిండదు. సీట్లు నిండితే గాని కదలని ఆటో ఇది. పైగా పొద్దు వాలేసరికి దానయ్య మెయిన్ దించుతాడు, కరెంటుతో పాటు ఎక్కినవాళ్ళతో సహా ఆటో మాయం. రెండు నెలలుగా ఒక్క పేరూ జిల్లాకు చేరలేదు.

నాలుగున్నర అయింది. దానయ్య చెయ్యి మెయిన్ మీదికి వెళ్ళింది. ఆపమంది ప్రమోదిని. బోర్డు కాలితే తాను జవాబు చెప్పుకోవాలన్నాడతను.

"బోర్డు కాలితే కొత్తది ఏత్తారు," అంది సింహాచలమ్మ. "నాకేటి ఏత్తారు?"

అతను చెయ్యి తీసేశాడు.

ఫలితాలు కొట్టే ప్రోగ్రాంను పద్ధతిగా మూసేస్తే, ఇక వచ్చేదేమీ లేదని తెలిసి బఫర్ తన దగ్గరున్నదంతా వదిలేస్తుంది. పేజీలో ఉంది ఆ ముక్క. మూయొద్దన్నాడు యువరాజు. ప్రమోదిని మూసింది. బయటికి అన్నచోట సున్నా కదిలింది. పలాసకు ఫోన్ చేస్తే అక్కడి గుమస్తా తొమ్మిది నిమిషాలు వెతికి, వచ్చింది, సోమవారం రెండో బ్యాచ్ అన్నాడు. అదేదో తన దయ అన్నట్టు అన్నాడు.

సింహాచలమ్మ లేవలేదు. ముందు రక్తమిచ్చినవాళ్ళ సంగతేమిటని అడిగింది. ప్రమోదిని ప్రోగ్రాంను మళ్ళీ తెరిచి, చీటీల నకళ్ళ పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి కొట్టడం మొదలుపెట్టింది. తవిటయ్య, యాభై రెండేళ్ళు, అని పైకి చదివింది.

"తవిటయ్య పోనాడు పాపా. మొన్న బుధవారం."

ప్రమోదిని వేళ్ళు ఆగాయి.

"ఆగకు, కొట్టు," అంది సింహాచలమ్మ. "ఆడు రగతం ఇచ్చినాడని ఆళ్ళకి తెలవాల."