దారి రోజులు

సైన్యంలో మనిషికి బదిలీ అయి, సొంత కారులో కొత్త బేసుకు వెళ్తుంటే, దారిలో ఎన్ని రోజులు గడపవచ్చో లెక్కగట్టి ఇచ్చేది నేను. టెనెసీలో మా కాల్డర్ బేసు బదిలీల ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అదే కౌంటరు. దారి రోజులంటాం వాటిని. లెక్క చిన్నపిల్లలు కూడా చేస్తారు. రోజుకు మూడు వందల యాభై మైళ్లు. భాగించగా మిగిలిన ముక్క యాభై మైళ్లు దాటితే దానికింకో రోజు, దాటకపోతే లేదు. ఆ మైళ్లు కూడా కారు మీటరు చెప్పేవి కావు, ప్రభుత్వం వారి దూరాల పట్టికలో అచ్చయినవి. ఆ పట్టిక రాసిన మహానుభావుడు ఎప్పుడైనా ఇద్దరు పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని నెబ్రాస్కా దాటాడో లేదో నాకు తెలియదు. దాటి ఉంటే అలా రాసేవాడు కాదు.

2004 మార్చిలో స్టాఫ్ సార్జెంట్ కోర్డెల్ యాన్సీ, అతని భార్య రెనాటా నా కౌంటరు దగ్గరికి వచ్చారు. అతనికి ముప్ఫయ్యేళ్లుంటాయి. ఇస్త్రీ మడత చెదరని యూనిఫారం, కుర్చీ చూపించినా కూర్చోడు. ఆమెకు ఆరో నెల నిండింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. బదిలీ వాషింగ్టన్ రాష్ట్రానికి, అంటే దేశానికి ఈ చివర నుంచి ఆ చివరకు. డాక్టరు విమానం వద్దన్నాడు. కారులో అయితే రోజుకు ఐదు గంటలకు మించి కూర్చోవద్దని కాగితం రాసిచ్చాడు. పోనీ సెలవు పెట్టి నిదానంగా వెళ్దామంటే, ఆ రెండుసార్లూ భార్య పక్కన ఉండటానికి యాన్సీ తన సెలవంతా ఊడ్చేశాడు. ఇక నేనిచ్చే దారి రోజులే వాళ్లకు దిక్కు.

రెనాటా సంచిలోంచి రోడ్డు అట్లాసు తీసి కౌంటరు మీద పరిచింది. ఎర్ర పెన్సిలుతో దారంతా గీసుకుంది. ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలో, ఆ ఊళ్లో ఆసుపత్రి ఉందో లేదో ఫోన్లు చేసి కనుక్కుని పక్కన రాసుకుంది. ఎంత కుదించినా ఎనిమిది రోజులు పడుతుందని చెప్పింది. నేను పట్టిక తిప్పాను. మా బేసు నుంచి ఆ బేసుకు రెండువేల ఐదు వందల మైళ్లు. సరిగ్గా. ఏడు రోజులు పోగా మిగిలింది యాభై. యాభై దాటలేదు. ఏడేనమ్మా అన్నాను.

"మా ఇంటి దగ్గర్నుంచి గేటు దాకానే రెండు మైళ్లుంది మేడమ్," అంది రెనాటా. "అది లెక్కలోకి రాదా?"

రాదు. గేటు నుంచి గేటుకే లెక్క. ఒక్క మైలు ఎక్కువుంటే చాలు, ఆమెకింకో రోజు దొరికేది. ఆ ఒక్క మైలు కోసం నేను మా అధికారి ప్రూవిట్ గదిలోకి వెళ్లాను.

ప్రూవిట్ సార్జెంట్ మేజరుగా రిటైరై ఈ కుర్చీలో కూర్చున్న మనిషి. గోడ నిండా ప్రశంసాపత్రాలు. కాగితం మీద చూపు కూడా పెట్టకుండా తొంభై ఒకటిలో తన బదిలీ కథ మొదలుపెట్టాడు. పదకొండు వందల మైళ్లు నిద్రపోకుండా ఒక్క ఊపున తోలాడట. ఇచ్చిన రోజుల్లో సగం వాడకుండానే హాజరయ్యాడట. మంచి సైనికుడు దారి రోజులన్నీ వాడుకోడట. ఈ కథ నేను నలభైసార్లు విని ఉంటాను. ఆ ప్రయాణంలో మీ ఆవిడ ఏమందని అడిగాను. ఏ ఆవిడ అన్నాడు. నిజమే, ముగ్గురున్నారు. ఒక్కతీ నిలవలేదు. వింటుంటే ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంది నాకు.

అక్కడే నాకు కర్నల్ స్ట్రేడ్‌వెల్ ఫైలు గుర్తొచ్చింది. జనవరిలో మా బేసు నుంచే, యాన్సీ వెళ్లే ఆ బేసుకే బదిలీ అయ్యాడాయన. అదే రెండువేల ఐదు వందల మైళ్లు. కానీ ఆయనకు ఎనిమిది రోజులు వచ్చాయి. ఎలాగంటే, దారిలో బార్న్‌హిల్ డిపోలో ఒక గంట మీటింగు ఉన్నట్టు ఆర్డరులో ఒక వాక్యం చేర్చారు. డిపో కాస్త పక్కదారిలో ఉంది, దూరం రెండువేల ఐదు వందల నలభైకి పెరిగింది, మిగులు యాభై దాటింది. ఆ ఎనిమిదో రోజు కర్నల్‌గారు కారు వెనక పడవ కట్టుకుని పోయి వయోమింగ్‌లో చేపలు పట్టుకున్నారు. పట్టిన చేపతో దిగిన ఫోటో ప్రూవిట్‌కు పంపితే, అతను దాన్ని బీరువా మీద అంటించుకున్నాడు. ఇంతకీ ఆ కాగితం టైపు చేసింది నా చేతులే. అప్పుడు నోరెత్తలేదు. పెద్దవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే రోత పుట్టింది.

యాన్సీకి కూడా ఆ డిపో వాక్యం పెట్టించమన్నాను. కర్నల్‌కు పనుంది కాబట్టి పెట్టామన్నాడు ప్రూవిట్.

"ఆ పని బీరువా మీద వేలాడుతోంది," అన్నాను. "తనిఖీవాళ్లొస్తే రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తా. నా పేరు కూడా ఉంది అందులో. నాకేం భయంలేదు."

అతను ఫోన్ తీశాడు. ఆర్డర్ల విభాగంలో తన స్నేహితుడితో మాట్లాడాడు. డిపోలో పాత పరికరాల కాగితాలు అప్పగించే పని ఒకటి పుట్టుకొచ్చింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగంటే నాలుగు. అంత తేలికైన పనికి ఆ పిల్ల బతిమాలుకోవాల్సి రావడం చూస్తే ఎవడికైనా వెగటు పుట్టదా.

సవరించిన ఆర్డరు చేతికొచ్చిన మర్నాడు రెనాటా పీచ్ పళ్లు వేసి కాల్చిన తీపి ఒక పళ్లెం తెచ్చింది. కౌంటరు మీద నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఈసారి నిలుస్తుంది మేడమ్," అంది. పోయి ఇంటి సామాను సర్దుకోవే తల్లీ అని గసిరి పంపించాను.

ఏప్రిల్ మధ్యలో వాళ్లు బయల్దేరాలి. నాలుగు రోజుల ముందు యాన్సీ ఒక్కడే వచ్చాడు. మామూలు సంతకాలు పెట్టి, వెళ్లబోతూ ఆగి, తను ఐదు రోజుల్లోనే అక్కడ హాజరవుతానని చెప్పాడు. ముందు నాకు అర్థం కాలేదు. కొత్త దళంలో తన పైవాడు ఫస్ట్ సార్జెంటుతో ఫోన్లో మాట్లాడాడట. ఆ దళం వేసవిలో ఇరాక్ వెళ్లబోతోంది, దానికి ముందు అడవిలో పెద్ద యుద్ధ కసరత్తు ఉంది. మంచి మనుషులు త్వరగానే చేరతారు సార్జెంట్ అన్నాడట ఆ ఫస్ట్ సార్జెంటు. ఈయన ఐదు రోజుల్లో ఉంటానని అప్పటికప్పుడు మాటిచ్చేశాడు. అడగనివాడికి, ముఖమైనా చూడనివాడికి.

సైన్యంలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది వింత కాదు. పావుగంట ముందొస్తే వేళకొచ్చినట్టు, వేళకొస్తే ఆలస్యమైనట్టు అని మొదటిరోజు నుంచీ వాళ్ల బుర్రలో దిగ్గొడతారు. పెళ్లికీ ముందే వస్తారు, పంటి డాక్టరు దగ్గరికీ ముందే వస్తారు. బదిలీకి కూడా ముందే వెళ్లి హాజరు వేయించుకుని, ఎన్ని రోజులు మిగిల్చానో చూడు అని చెప్పుకుని మురిసిపోతారు. ఇన్నేళ్లలో ఎంతమందిని చూశానో. ఎవరికి మిగిల్చాడో ఒక్కడూ చెప్పలేడు.

రెనాటా సంగతేమిటని అడిగాను. ఆమె అక్క ఒడెట్ టెక్సస్ నుంచి వచ్చిందట, చిన్న కారులో ఆమెను నిదానంగా తీసుకొస్తుందట. కుటుంబం విడిగా ప్రయాణం చేస్తే వాళ్ల రోజుల్ని ఎవరూ లెక్కబెట్టరు, పది పట్టినా పన్నెండు పట్టినా సైన్యానికి పట్టదు. ఆ సంగతి అతను ముందే కనుక్కున్నాడు. అన్నీ సర్దేశానన్నట్టు నిలబడ్డాడు.

"ఆ ఎనిమిది రోజులు నీకోసం తెచ్చాననుకున్నావా?" అన్నాను. "ఆ పిల్ల కోసం తెచ్చాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు వాటిని పోయి ఎవడికో ధారపోస్తావా?"

"దళానికి నా అవసరముంది మేడమ్."

"దళం నిన్ను చూడనైనా లేదు. ఇంట్లో మనిషి రెండుసార్లు చూసింది నీ ముఖం, ఆసుపత్రిలో. రెనాటా ఏమంది?"

ఆమె ఏమీ అనలేదన్నాడు. అట్లాసు మడిచి తనకివ్వకుండా అక్కకిచ్చిందని మాత్రం చెప్పాడు. ఆ మాట చెబుతూ కూడా అతని ముఖంలో ఏమీ మారలేదు. ఆ నిటారు మనిషిని భుజాలు పట్టుకుని కుదపాలనిపించింది. ఇంతలో ప్రూవిట్ గదిలోంచి బయటికొచ్చాడు. తలుపు సందులోంచి అంతా విన్నాడు కాబోలు, ముఖం చాటంత చేసుకుని యాన్సీ చెయ్యి కుదిపి, సార్జెంట్ మేజరుగా ఉన్నప్పుడు చేయించుకున్న తన పేరున్న ఇత్తడి బిళ్ల అతని అరచేతిలో పెట్టాడు. వీళ్లలో అదొక గౌరవం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గుండెలు పొంగించుకున్నారు. నేను లేచి బాత్రూముకు వెళ్లి చేతులు కడుక్కున్నాను. నా చేతికేమీ అంటలేదని తెలుసు, అయినా కడుక్కున్నాను.

యాన్సీ చెప్పినట్టే ఐదు రోజుల్లో చేరాడు. చేరినట్టు కాగితం మాకు వచ్చింది. ప్రయాణానికి ఐదు రోజులు పట్టిందని రాసి, కింద అందమైన సంతకం పెట్టాడు.

మే మూడో తేదీన ఫోన్ మోగింది. గొంతు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అడవిలో కసరత్తు ముగించుకుని వాళ్ల కంపెనీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాడు. ప్రయాణంలో తొమ్మిదో రోజున పక్క రాష్ట్రం ఐడహోలో రెనాటాకు నొప్పులు వచ్చాయట. ఆరు వారాల ముందే ఆడపిల్ల పుట్టిందట, నాలుగు పౌన్లు. తల్లి బాగానే ఉంది. బిడ్డను గాజుపెట్టెలో పెట్టారు, బతుకుతుందన్నారు. కబురు అతనికి అందేసరికే మూడు రోజులైంది. అప్పటికి అతను అడవిలో ఉన్నాడు.

ఫస్ట్ సార్జెంటును సెలవడిగితే, ఖాతాలో రోజుల్లేవు కదా సార్జెంట్ అన్నాడట. ముందస్తు సెలవు ఇప్పించమంటే, ఇరాక్ దగ్గర పడింది, ఇప్పుడు ఎవరినీ వదలనన్నాడట. ముందుగా వచ్చినందుకు అందరి ముందూ మెచ్చుకున్నవాడే. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే కదా అనుకున్నాను, కానీ పైకి అనలేదు. అతను నా మాట కోసం ఫోన్ చేయలేదు. అడగాల్సింది ఒకటుంది, దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"మేడమ్, మీరిచ్చిన ఎనిమిదిలో నేను ఐదే వాడాను," అన్నాడు చివరికి. "ఇంకా మూడున్నాయి. అవి ఇప్పుడు ఇప్పిస్తారా? పోవడానికో రోజు, రావడానికో రోజు. మధ్యలో ఒక్క రోజు దాన్ని చూసొస్తా."

పంతొమ్మిదేళ్లలో ఎన్నో వందలమందికి లేదని చెప్పాను. ఇంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు. అవి దాచుకునే రోజులు కావని, దారిలో గడిపితేనే అవి రోజులని, అక్కడ హాజరైన గంటలోనే మిగతా మూడూ లేకుండా పోయాయని చెప్పాను. సెలవు ఖాతాలో వేయడానికి గానీ, వెనక్కి తీసుకోవడానికి గానీ నిబంధన లేదన్నాను. ఐదు రోజులే పట్టిందని నీ చేత్తోనే సంతకం పెట్టావు కదా నాయనా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అర్థమైంది మేడమ్," అన్నాడు. వాళ్లకు నేర్పిన మాట అది. అర్థమైనా కాకపోయినా అదే అంటారు. అతని వెనక ఎవరో నవ్వుతున్నారు, ఎక్కడో లారీ ఇంజను మోగుతోంది. బిడ్డ ఎప్పుడు బయటికొస్తుందని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పదిహేనో తేదీ దాకా ఆసుపత్రి నుంచి కదపొద్దన్నారు. మా ఇరాక్ ప్రయాణం అనుకున్నదానికంటే ముందే పెట్టేశారు మేడమ్. పదకొండో తేదీ ఎక్కిస్తున్నారు మమ్మల్ని. విమానం."

శ్రమ ఇచ్చానని క్షమాపణ చెప్పి ఫోన్ పెట్టేశాడు. ప్రూవిట్ కాఫీ కప్పుతో గది గుమ్మంలోకి వచ్చి ఎవరని అడిగాడు. యాన్సీ అన్నాను.

"ఐదు రోజుల్లో చేరాడటగా," అన్నాడు ముఖం వెలిగిపోతుండగా.

"చేరాడు," అన్నాను. "వాడి కూతురి దగ్గరికే ఇంకా చేరలేదు. వారంలో ఇరాక్ పోతున్నాడు."

ప్రూవిట్ కాఫీ ఒక గుక్క తాగి, సైన్యంలో ఇవన్నీ మామూలే డార్లీన్ అని లోపలికి వెళ్లిపోయాడు.