కొమ్ములక్క

బాన కింద మంట ఎగదోసి, కొమ్ములక్క మరుగుతున్న నీళ్ళలోంచి ఒక కొమ్మును పటకారుతో పైకి తీసింది. గోనెగుడ్డతో కొన పట్టుకుని మొద్దుకేసి కొట్టింది. లోపలి ఎముక కదల్లేదు. ఇదివరకు ఒకటి రెండు దెబ్బలకే ఊడి వచ్చేది. ఇప్పుడు దెబ్బ పడ్డప్పుడల్లా మణికట్టు నుంచి భుజం దాకా జివ్వుమంటోంది. మళ్ళీ నీళ్ళలో పడేసింది.

తెల్లవారుతూనే కబేళాకు వెళ్ళి ఏరి తెచ్చిన కొమ్ములవి. ఒక్కోదాన్నీ వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటే గానీ బస్తాలో వేయదు. కసాయి నవ్వాడు.

"ఏం కొమ్ములక్కా, కోడల్ని ఎంచినట్టు ఎంచుతున్నావు."

"కోడలైతే సర్దుకుపోవచ్చయ్యా. పగిలిన కొమ్ముతో ఏం సర్దుకుంటాను?"

బస్తా నెత్తికెత్తమని మాత్రం అడిగింది. ఎప్పుడూ అడిగేది కాదు.

ఎముక తీసేసిన ఆ కొమ్ములతో వాళ్ళాయన ముందుగదిలో దువ్వెనలు చెక్కుతాడు. కొనేవాళ్ళు వాటిని వెలుగుకు పట్టి మురిసిపోతారు. కానీ పచ్చికొమ్ము వాసన ఆయనకు పడదు. పెళ్ళైన కొత్తలో పెరట్లోకొచ్చి వాంతి చేసుకుంటే, నువ్వు లోపల కూర్చో, ఇది నేను చూసుకుంటాలే అంది. ఆ మాట అన్న పాపానికి పెరడు ఆమెదైపోయింది.

ఇక చేతకాదని ఎన్నాళ్ళుగానో చెప్పాలనుకుంటోంది. పొద్దున ఆయన తల వంచుకుని దువ్వెన పళ్ళకు ఆకురాయి రుద్దుతున్నాడు. భోజనం దగ్గర చెబుదామంటే ఎవరో దువ్వెనల కోసం వచ్చారు. పొద్దువాలుతుండగా, గీకి కడిగిన కొమ్ముల్ని గుమ్మంలో పెట్టి, ఎప్పట్లా పెరట్లోకి తిరిగి వెళ్ళకుండా నిలబడిపోయింది.

"ఇక నా వల్ల కాదయ్యా."

ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. కణుపులు వాచి, వేళ్ళ చివర్లు నానిపోయి పాలిపోయాయి. ఇన్నేళ్ళూ ఆ చేతుల్లోంచి కొమ్ములు అందుకున్నాడే గానీ చేతుల్ని చూడలేదు. లేచి, ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుని పెరట్లోకి నడిచాడు.

మొదటి కొమ్ములో ఎముక ఊడలేదు. ఇంకోదాన్ని కొడితే మొద్దే దొర్లిపోయింది. ఆమె గోడకు చేరగిలబడి, చాలాకాలానికి కడుపారా నవ్వింది.

"దాని మీద కోపమెందుకు? నీళ్ళు ఇంకాస్త మరగనీ. అదే వదుల్తుంది."

"సరేలే. నువ్వు కాసేపు కునుకు తియ్యి."

ఆమె కళ్ళు మూసుకుంది. నిద్ర చెడుతుందేమోనని ఆయన దెబ్బ మెల్లగా వేశాడు. చివరికి ఒక కొమ్ములోంచి ఎముక జారి కాళ్ళ దగ్గర పడింది. చూపిద్దామని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత ముక్కుకున్న గుడ్డ తీసేసి, చల్లబడుతున్న ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుండిపోయాడు. వాసన ఆయనకు తెలియలేదు.

స్నానాలగది తలుపు మీద, పని ముగిశాక మార్చుకోవడానికని ఆమె పొద్దున్నే పెట్టుకున్న ఉతికిన బట్టలు, మడత విప్పకుండా అలాగే ఉన్నాయి.