గ్లాసులు శ్రీనిధివే

మా గ్రూపు పేరు ‘తోడు’. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు ఆడవాళ్లం, నలభై రెండు మందిమి. ఇంజనీర్లు, నర్సులు, టీచర్లు, బ్యాంకువాళ్లు. పనిచేసేచోట ఒకరికి కష్టమొస్తే తక్కినవాళ్లు నిలబడాలని పదకొండేళ్ల కిందట నేనే మొదలుపెట్టాను. నా పేరు త్రివేణి, లేబర్ కోర్టులో ప్లీడర్ని.

నెలకో ఆదివారం సాక్చిలో కల్యాణి ఇంటి మేడ మీద కలుస్తాం. కల్యాణి స్కూల్లో లెక్కల టీచరు, టీ కూడా లెక్కగానే పోస్తుంది. అక్కడ ఒకటే నియమం, తెలుగే మాట్లాడాలి. ఎవరి నోట హిందీ వస్తే వాళ్లు ఆ రోజు టీ గ్లాసులన్నీ కడగాలి. ఆ నియమమూ నాదే. మా అమ్మాయి నాతో హిందీలో తప్ప మాట్లాడదు. ఇంట్లో చెల్లని మాట మేడ మీద చెల్లించుకున్నాను. అప్పట్లో ఈ సంగతి ఎవరైనా అని ఉంటే మీదపడి కరిచేదాన్ని.

శ్రీనిధి చేరాక గ్లాసుల గొడవే తీరిపోయింది. ఇరవై ఐదేళ్ల పిల్ల, ఊరి పక్కన ఫ్యాక్టరీలుండే గమ్హరియాలో ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. తండ్రి అప్పలసూరి కాంట్రాక్టు వెల్డరు. వాళ్లింట్లో ఇంజనీరైన మొదటి మనిషి ఈ పిల్లే. తెలుగు అర్థమయ్యేది కానీ మాట్లాడబోతే హిందీ దొర్లేది.

“ఏటే పిల్లా, అప్పుడే జారిపోయావా?” అనేది కల్యాణి.

“గ్లాసులు శ్రీనిధివే!” అని అందరం అరిచేవాళ్లం.

నవ్వుతూ లేచి వెళ్లేది. ఆ పిల్ల కుళాయి దగ్గర ఒక్కతే కూర్చుని గ్లాసులు తోముతుంటే, మేం ఇవతల మా ఉద్యోగాల కష్టాలు చెప్పుకునేవాళ్లం.

జూలైలో ఒక పొద్దున్న ఆరున్నరకు గ్రూపులో శ్రీనిధి మెసేజ్ వచ్చింది. హిందీ, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, బారెడు పొడుగు. నేను చదవనైనా లేదు. అడ్మిన్‌ని కదా, టక్కున తీసేసి, ‘మన భాషలో రాయి తల్లీ. ఈసారి కూడా గ్లాసులు నీవే’ అని పెట్టాను. పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టాను.

గంట తర్వాత తెలుగులో వచ్చింది. ‘అందరికీ నమస్కారం. నేను బాగున్నాను.’ ఒక్క తప్పు లేదు. ముప్పై మంది గుండె బొమ్మలు పెట్టారు. నేను ‘శభాష్’ అన్నాను. ఆ రోజంతా నాకు గర్వంగా ఉంది.

ఆ నెల మీటింగుకు శ్రీనిధి రాలేదు. మర్నాడు అప్పలసూరి నా ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

“సూడండమ్మా, దీనికేటైనా సెయ్యగలరా?”

పగుళ్లున్న సరుకును తానే పాస్ చేశానని, తప్పు ఒప్పుకుని ఉద్యోగం మానేస్తున్నానని ఉంది. అంతా శ్రీనిధి చేతిరాత, కింద సంతకం.

“అది వద్దనే సెప్పిందమ్మా. మేనేజరే పంపేసాడు. సరుకు వాపసొచ్చాక దీని మెడకి సుట్టాడు. రేపు పొద్దున్న రాసి సంతకం పెట్టు, లేపోతే పోలీసు కేసన్నాడు.”

“ఎందుకు పెట్టనిచ్చారు? నాకు ఒక్క మాట చెప్పకూడదా?” అని కసిరాను.

ఆయన నేలకేసి చూశాడు. “అడిగిందమ్మా. ఆ పొద్దు డ్యూటీకెల్లే ముందల మీ గ్రూపులో రాసింది, పెట్టాలా వద్దా అని. అది తీసేసారట. పోన్ సెయ్యే అన్నాను. తప్పులు మాటాడితే నవ్వుతారు నాన్నా అంది. తెలుగులో దానికి రాయడమొచ్చింది ఆ రెండు ముక్కలేనమ్మా.”

అవి మేడ మీద కల్యాణి ఆ పిల్లకు తెలుగు రాయడం నేర్పినప్పటి మొదటి పాఠం.

‘సంతకం పెట్టకు.’ అంతే, ఒక్క మాట. నలభై రెండు మందిలో ఆ మాట గట్టిగా చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన ముందే ఏడ్చేశాను.

“మీరేటి సేత్తారమ్మా, దాని రాత” అన్నాడు అప్పలసూరి కంగారుగా. తిట్టినా బాగుండేది.

నోటీసులిచ్చాను, తిరిగాను. స్వయంగా రాసిచ్చిన ఒప్పుకోలు ముందు నా వాదనలేవీ నిలవలేదు. గమ్హరియాలో ఏ గేటు దగ్గరికెళ్లినా ఆ కబురు శ్రీనిధి కంటే ముందే చేరింది. ఆఖరికి రాయపూర్‌లో ఒక కాల్ సెంటర్లో పని దొరికింది. హిందీ చక్కగా మాట్లాడుతుందని తీసుకున్నారట.

ఆమె వెళ్లే రోజు మధ్యాహ్నం టాటానగర్ స్టేషనుకు వెళ్లాను. తండ్రి నీళ్ల సీసా నింపుకురావడానికి వెళ్లాడు. శ్రీనిధి చెయ్యి పట్టుకున్నాను. పదకొండేళ్లలో మొదటిసారి మా గ్రూపు మనిషితో హిందీలో మాట్లాడాను.

“బోలో బేటా. జో భీ బోల్నా హై, బోలో. మైఁ సున్ రహీ హూఁ.”

ఏదైనా చెప్పమన్నాను, వింటున్నానన్నాను. తిడుతుందేమోనని ఆశపడ్డాను కూడా.

శ్రీనిధి పెదాలు మెల్లగా కదిలాయి, మాటలు కూడబలుక్కుంటోంది. తర్వాత ఒక్క తప్పు లేకుండా తెలుగులో అంది.

“నేను బాగున్నానండి.”