కళ్ళు మూసుకుని పోట్లాట

క్రిస్మస్ కార్యక్రమంలో, నిండు సభలో, ఆషెర్ తన తమ్ముడి మైకు కట్టేశాడు.

నాటింగ్‌హామ్ తెలుగు ఫెలోషిప్ వాళ్ళు అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో జరిగిందది. బిర్యానీ గిన్నెల మూతలు ఇంకా తియ్యలేదు. పాట రెండో చరణంలో ఉంది. తను కట్టిన బాణీని ఎజ్రా ఇష్టం వచ్చినట్టు మార్చేశాడని ఆషెర్ కోపం. మార్చాకే పాట బాగుపడిందని ఎజ్రా ధీమా. మైకు ఆగిపోయిన సంగతి తెలియక ఎజ్రా కాసేపు నోరు కదుపుతూనే ఉన్నాడు. ముందు వరసలో పిల్లలు పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఆ మౌనం తర్వాతి క్రిస్మస్‌ని కూడా దాటేసి హాయిగా సాగిపోతోంది.

వాళ్ళమ్మ కృపామణి ఆస్పత్రిలో నర్సు. వార్డు మొత్తం తలకిందులైనా చెయ్యి వణకని మనిషి. అలాంటిది, ఒకే సోఫాలో ఆ చివరొకడు, ఈ చివరొకడు కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. ఎజ్రా 'అన్నా' అని పిలవడం మానేసి 'హిమ్' అనడం మొదలుపెట్టాడు.

"మమ్, టెల్ హిమ్ టు మూవ్ హిజ్ కార్."

ఆ 'హిమ్' పక్కనే ఉండేవాడు. అయినా కారు తీసేవాడు కాదు. అమ్మ ఇంకా చెప్పలేదు కదా మరి! కృపామణి నోరు తెరిచి చెప్పేదాకా ఇంగ్లీషు రానట్టే కూర్చునేవాడు. నాటింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన మనిషి!

ఇంత గొడవలోనూ బ్యాండు మాత్రం ఆగలేదు. ఎందుకంటే పాటలు కట్టేదీ గిటారు వాయించేదీ ఆషెర్. గొంతు ఎజ్రాది. ఒకడు లేకపోతే రెండోవాడు సున్నా. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఆ కోపం కూడా కలిసి ఇంకా మండేవారు. డ్రమ్స్ వాయించేది చెల్లెలు హెప్సి. అన్నలిద్దరూ ఒట్టి వెర్రివాళ్ళని దాని గట్టి నమ్మకం. ఆ కసంతా డ్రమ్ముల మీద తీర్చుకునేది. గరాజ్‌లో వాళ్ళు సాధన చేస్తుంటే వంటింట్లో గ్లాసులు గలగలమనేవి.

ఆ ఇంట్లో కృపామణి పెట్టిన నియమం ఒకటి ఉంది. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. అందరూ చేతులు పట్టుకోవాలి, కళ్ళు మూసుకోవాలి, తెలుగులోనే ప్రార్థించాలి. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. ఆఖరి ఆమేన్ అనేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. పిల్లలకి వచ్చిన తెలుగు రెండే రకాలు. ఒకటి "అన్నం పెట్టు, బాత్రూంలో ఎవరు" రకం. రెండోది సండే స్కూల్లోనూ పాస్టరుగారి నోటా విన్న గంభీరమైన గ్రాంథికం. మధ్యలో ఏమీ లేదు.

ఈ ప్రార్థనని ఆయుధంగా వాడుకోవచ్చని ముందు కనిపెట్టినవాడు ఆషెర్. ఒకరోజు కళ్ళు మూసుకుని, ఎంతో భక్తిగా మొదలుపెట్టాడు.

"ప్రేమగల తండ్రీ, శ్రుతి ఎరుగక నోరు తెరచువారిని కనికరించుము. వారి చెవులను బాగుచేయుము. ఆమేన్."

ఎజ్రా ఊరుకుంటాడా?

"పరిశుద్ధుడవైన తండ్రీ, తన సొంత సహోదరుని స్వరమును అణచివేసిన కఠినహృదయుని జ్ఞాపకము చేసికొనుము. అతడు నా ఎడమ ప్రక్కను కూర్చుండియున్నాడు."

దేవుడికి అడ్రసు చెప్పడం చూసి హెప్సికి నవ్వాగలేదు. చేతులు పట్టుకుని ఉండడంతో దాని కుదుపు అందరికీ పాకింది. తండ్రి ఆనందకుమార్ ఒక కన్ను తెరిచి భార్య వైపు చూశాడు, ఆపవేం అన్నట్టు. కృపామణి ఆపలేదు. ప్రార్థనని ఇలా వాడడం తప్పేనని ఆవిడకి తెలుసు. కానీ రోజు మొత్తంలో వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఆ కాసేపే. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేదీ అప్పుడే. దాన్ని కూడా పోగొట్టుకోమంటే ఎలా? కూర చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టుకోవచ్చు.

ఇలా ఉండగా ఊళ్ళో ఒక పబ్బువాళ్ళు వీళ్ళని పాడమని పిలిచారు. పోస్టరు మీద వెయ్యడానికి బ్యాండు పేరు అడిగితే, అన్న ఒక పేరు పంపాడు, తమ్ముడు ఒక పేరు పంపాడు. పబ్బాయన విసుగెత్తి, పేరు తర్వాత ఖాయం చేస్తారనే అర్థంలో 'టీబీసీ' అని అచ్చు వేయించేశాడు. అదే ఖాయమైపోయింది.

"టీబీలా ఉంది. ఇంతకంటే మంచి పేరు దొరకలేదా?" అంది కృపామణి పోస్టరు చూసి.

ఆ రోజు ఆస్పత్రి డ్యూటీల రోటా ప్రకారం ఆవిడకి సెలవు. ఆనందకుమార్‌కి పని. అందుకని వ్యాను నడుపుకుంటూ ఆవిడే వెళ్ళింది. పబ్బులో అడుగుపెట్టడం జన్మలో అదే మొదటిసారి. ఫెలోషిప్ ఆంటీలెవరైనా చూస్తారేమోనని కోటు టోపీ ముక్కుదాకా లాక్కుంది. స్టేజీ వెనక ఇరుకు వసారాలోకి చేరాక మాత్రం తల్లి తల్లే అయింది.

"ప్రార్థన చెయ్యకుండా ఎక్కడికర్రా ఎల్తారు? పట్టుకోండి చేతులు."

"మమ్! నాట్ హియర్!"

"ఇక్కడే మరీ చెయ్యాలి. పట్టుకో."

ఎజ్రా చేతిలో వైరు లేని మైకు ఉంది. కింద పెట్టడానికి చోటు లేదు. దాన్ని వదలకుండానే అన్న చేతిని పట్టుకున్నాడు. అంటే ఇద్దరి అరచేతుల మధ్యా మైకు ఇరుక్కుంది. అవతల సౌండు కుర్రాడు అప్పటికే దాన్ని ఆన్ చేసి ఉంచాడు.

"తండ్రీ," అని ఆషెర్ ఎత్తుకున్నాడు. పబ్బంతా మారుమోగింది. వీళ్ళ చెవికి అది అవతలి హాల్లో సందడిలానే వినిపించింది. "ఈ దినమైనను నా బాణీని నా బాణీగా పాడు బుద్ధి కొందరికి దయచేయుము."

"తండ్రీ, నీవు గొంతు ఇచ్చినది పాడుటకేనని గిటారు పట్టిన గర్విష్ఠులకు బోధించుము!"

బీరు గ్లాసులు పట్టుకున్న విద్యార్థులకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అన్నదమ్ముల తగువు అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు. గొంతులు పెరిగాయి. ఆఖర్న ఇద్దరూ పళ్ళు నూరుతూ ఒకేసారి "ఆమేన్!" అన్నారు. హాలు హాలంతా "ఆమేన్!" అని అరిచింది. ముందు తేరుకున్నది హెప్సి. పరుగెత్తి డ్రమ్స్ మీద పడింది. ఆ కోపం చల్లారకముందే ఆషెర్ గిటారు అందుకున్నాడు, ఎజ్రా గొంతెత్తాడు. గరాజ్‌లో ఎన్నడూ రానంత ఊపు వచ్చింది పాటకి.

ఎవరో వీడియో తీసి పెట్టారు. ఇంకేముంది! డెర్బీ పిలిచింది, లెస్టర్ పిలిచింది, బర్మింగ్‌హామ్ రెండుసార్లు పిలిచింది. నవదీప్ అనే మేనేజరు కుర్రాడు వచ్చి చేరాడు. ప్రార్థన స్టేజీ మీదే జరగాలన్నాడు, తల్లి కూడా పక్కన ఉండాలన్నాడు. చుడీదారు మీద ఉన్ని కోటు వేసుకుని, గుర్రుగా చూస్తూ నిలబడే కృపామణికి కూడా అభిమానులు పుట్టుకొచ్చారు. తెలుగు అక్షరాల్లో 'ఆమేన్' అని ఉన్న టీషర్టులు వేసుకుని తెల్లపిల్లలు ఎగిరారు. నార్తాంప్టన్‌లో అయితే సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్ళు కుటుంబాలతో దిగారు. వాళ్ళకి మాటలు కూడా అర్థమయ్యేసరికి కుర్చీల్లోంచి కిందపడి నవ్వారు. దైవభక్తి లేదా అని మండిపడ్డ ఫెలోషిప్ ఆంటీలు పక్క వారానికే, "మాకు నాలుగు టిక్కెట్లు చెప్తావా కృపా?" అని మెల్లగా అడిగారు. వ్యానులో ఆవకాయన్నం డబ్బాలు, చేగోడీలు, వెనక డ్రమ్ములు, మోటార్‌వే మీద హెప్సి పాటలు. కృపామణికి ఒక్కోసారి నవ్వొచ్చేది, తను నర్సా లేక సర్కస్ కంపెనీ యజమానురాలా అని.

అన్నదమ్ములు మాత్రం స్టేజీ దిగగానే మూగవాళ్ళు.

ఆ వేసవిలో మిల్టన్ కీన్స్‌లో పెద్ద మైదానంలో జరిగే సంగీతోత్సవానికి పిలుపు వచ్చింది. అంత పెద్ద వేదిక వాళ్ళు కలలో కూడా చూసి ఎరగరు. ఆ ఉదయం మోటార్‌వే పక్కనుండే సర్వీసెస్‌లో టీ కోసం ఆగినప్పుడు, ఆషెర్ లోపలికి వెళ్ళాక, ఎజ్రా తల్లి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మమ్, లండన్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్ళు నన్నొక్కడ్నే రమ్మంటున్నారు. జస్ట్ మీ. రేపు యెస్ చెప్పాలి. డోంట్ టెల్ హిమ్."

కృపామణి చేతిలో టీ తొణికింది.

"నువ్వే చెప్పరా మీ అన్నకి."

"హౌ? వియ్ డోంట్ టాక్."

అదీ నిజమే. ఈ తగువు ఏదో ఒకరోజు తీరుతుందని ఇన్నాళ్ళూ ఆవిడ ఎదురుచూసింది. వీడు లండన్ పోతే తీరడానికి తగువు కూడా మిగలదు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు పెద్దమనుషులై, పుట్టినరోజులకి మెసేజీలు పెట్టుకుంటారు. అంతకంటే ఈ పోట్లాటే నయం కదా అనిపించింది. మిగిలిన దారంతా రౌండెబౌట్ మీద రౌండెబౌట్ తిరుగుతూ అదే తలుచుకుంది.

సాయంత్రం ఎండలో మైదానం జనంతో నిండిపోయింది. ముందు వరసల్లో నార్తాంప్టన్ తెలుగువాళ్ళు జెండా కూడా కట్టుకొచ్చారు. నలుగురూ స్టేజీ మీదకి వచ్చి చేతులు పట్టుకున్నారు. మొదటి రోజులాగే మైకు అన్నదమ్ముల అరచేతుల మధ్య ఉంది. ఆషెర్ ఎత్తుకున్నాడు.

"తండ్రీ, తాళము తప్పువారిని ఈ దినము నీ చేతికి అప్పగించుచున్నాను. నా వలన కాలేదు."

జనం గొల్లుమన్నారు. "ఆమేన్!" అని మైదానం ఊగింది. ఇక ఎజ్రా వంతు.

ఎజ్రా నోరు విప్పలేదు.

మొదట జనం ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఈలలు వేశారు. తర్వాత ఈలలు ఆగిపోయాయి. ఎజ్రా కళ్ళు మూసుకునే ఉన్నాడు, కింది పెదవి వణుకుతోంది. తను వదిలేసి వెళ్ళిపోబోతున్న అన్నని తిట్టడానికి వాడికి నోరు రావడం లేదని కృపామణికి అర్థమైంది. ఆషెర్ కళ్ళు తెరిచాడు. ప్రార్థన మధ్యలో వాడు కళ్ళు తెరవడం అదే మొదటిసారి. తమ్ముడి మొహంలోకి భయంభయంగా చూశాడు.

నియమం పెట్టిన మనిషే నియమం తప్పింది. కృపామణి చెయ్యి వదిలించుకుని, ఇద్దరి మధ్యనుంచీ మైకు లాక్కుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ప్రభువా, నా మాట ఇను. ఈళ్ళిద్దరూ నీతో మాట్లాడతల్లేదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిన్ను మధ్యలో పోస్ట్‌మేన్‌ని చేసేశారు. పెద్దాడు తమ్ముడి మైకు కట్టేశాడు. తప్పని ఆడికీ తెలుసు, చెప్పడానికి సిగ్గు. చిన్నాడు లండన్ ఎల్లిపోతానంటన్నాడు. ఆ మాట అన్నతో అనడానికి భయం!"

"లండనా?" అన్నాడు ఆషెర్.

ఆవిడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. అయిపోయిందనుకుని జనం "ఆమేన్!" అని హోరెత్తించారు.

"వెయిట్! నాట్ ఫినిష్డ్!" అని కసిరింది కృపామణి. మైదానం విరగబడి నవ్వింది. హెప్సి ఎప్పుడు జారుకుందో, వెనక డ్రమ్ముల మీద దబదబా మొదలెట్టింది.

"ఒకే దుప్పట్లో పడుకుని పెరిగారు ప్రభువా! ఇంటినిండా చుట్టాలున్న రోజున చిన్నాడు పక్క తడిపేస్తే, అందరి ముందూ నేనే తడిపానని చెప్పాడు పెద్దాడు. అప్పుడు చిన్నాడికి ఏడేళ్ళు, ఏడేళ్ళొచ్చినా పక్క..."

ముందు వరసల్లోని తెలుగువాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఎజ్రా మొహం కందగడ్డ అయింది.

"అన్నా!" అని కేక పెట్టాడు. "అన్నా, అమ్మ మైకు కట్టేయ్!"

హెప్సి చేతిలో కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. కృపామణి చెవుల్లో ఆ 'అన్నా' గింగిరాలు తిరిగింది.

"కట్టను," అన్నాడు ఆషెర్. "ఒకసారి కట్టా, చాలు. సారీరా. అయినా లండన్ ఎల్లేవాడివి, నీకెందుకు?"

"ఎవరెళ్తున్నారు? ముందు కట్టేయ్ అన్నా, ప్లీజ్!"

కృపామణి ఒక కన్ను కొంచెం తెరిచి చూసింది. మైకు తీసేశాక కూడా వాళ్ళిద్దరూ చేతులు విడిచిపెట్టలేదు. మధ్యలో ఏమీ లేకుండా, చెయ్యిలో చెయ్యి పెట్టుకుని, జనం ముందు నవ్వలేక ఏడవలేక నిలబడ్డారు. మైదానమంతా ఆమేన్ కోసం కాచుకుని ఉంది. ఆమేన్ అంటే చేతులు వదిలేస్తారు.

ఆవిడ మళ్ళీ కన్ను మూసుకుంది. చెంపల మీద కారుతున్నదాన్ని తుడుచుకోలేదు.

"ఇంకోటి కూడా ఉంది ప్రభువా," అంది.