చెత్తబుట్ట లేని ఇల్లు

"మా ఇంట్ల చెత్తబుట్ట లేదు సార్."

కొత్తవాళ్ళు ఎవరు పరిచయమైనా మా ఆయన మొదట చెప్పే మాట ఇదే. పేరు ఆ తర్వాత చెబుతాడు. కోటేష్, హైస్కూల్లో సైన్సు టీచరు, ఇల్లందు పచ్చదనం సంఘానికి అధ్యక్షుడు. ఊళ్ళో అందరికీ గ్రీన్ సారు. కోపం వచ్చినప్పుడు నేనూ సారు అనే అంటాను. ఆయన దాన్ని గౌరవం అనుకుంటాడు.

చెత్తబుట్ట లేదన్నది నిజమే. బుట్టలో పడాల్సిందంతా నా చేతుల మీదుగా పోతుంది, అంతే తేడా. పొద్దున ఐదింటికి స్టీలు క్యాను పట్టుకుని పాలకు పోవాలి, ప్యాకెట్ పాలు మా గడప తొక్కకూడదు కనుక. గిన్నెలకు బూడిద, బట్టలకు కుంకుడు రసం. కుంకుడు రసం అనడం తేలిక. కాయలు కొట్టాలి, గింజలు తియ్యాలి, నానబెట్టాలి, పిసకాలి, వడగట్టాలి, అప్పుడు బట్టల దగ్గర కూర్చోవాలి. వాషింగ్ మెషీన్ కొందామని ఒకసారి అన్నాను. "కరెంటు ఏడికెళ్ళి వస్తదో ఎరుకేనా? బొగ్గు కాలవెడ్తేనే గదా వచ్చేది" అన్నాడు. నా చెయ్యి ఏం కాలిస్తే ఆడుతుందో ఆయన సైన్సులో లేదు. కూరగాయల గుడ్డసంచులు కుట్టేది నేను, ఉతికేది నేను. తొక్కలు పెరట్లో కంపోస్టు గుంతలోకి పోతాయి, ఆ గుంతను పదిహేను రోజులకొకసారి పారతో తిరగెయ్యాలి. సారు ఫోటో తీసి స్టేటస్ పెడతాడు. ఫోటోలో నా చేతులు పడతాయి, మొహం పడదు. ఒకసారి 'ప్లాస్టిక్ వద్దు' అని సంఘం వాళ్ళు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. మీటింగ్ అయ్యాక దాన్నేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు, తెచ్చి నాకిచ్చారు. కడిగి కట్టెల మోపు మీద కప్పాను.

ఇదంతా నాకు పట్టదని అనుకోకండి. మా అమ్మగారి తండా గుండాల అడవి అంచున ఉంది. అక్కడి వాగు నీళ్ళు దోసిట పట్టి తాగి పెరిగినదాన్ని, ఇప్పుడదే వాగులో కవర్లు తేలుతుంటే నా కడుపూ మండుతుంది. పెళ్ళిచూపుల్లో కోటేష్ ఇప్పచెట్ల గురించి మాట్లాడాడు. కట్నం గురించి వాళ్ళ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే, ఈయన ఏ చెట్టుకు ఎన్నేళ్ళో చెబుతున్నాడు. మురిసిపోయాను. చెట్టును అంత శ్రద్ధగా చూసేవాడికి పక్కనున్న మనిషి కనిపించకుండా పోతుందా అనుకున్నాను. అదీ అప్పటి నా తెలివి.

నేను అంగన్‌వాడీ టీచర్ని. గర్భిణులకు ఐరన్ గోలీలు ఇచ్చి, బరువులు ఎత్తకండి, కడుపునిండా తినండి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చండి అని చెప్పడం నా ఉద్యోగం. చెప్పి ఇంటికొచ్చి బిందెలు ఎత్తుతాను. రెండేళ్ళుగా నాకు నెలసరి పదకొండు రోజులు. రోజుకు ఏడెనిమిది బట్టలు. వేడినీళ్ళయితే మరక పట్టేస్తుంది కాబట్టి చన్నీళ్ళలో నానబెట్టి, ఎర్రనీళ్ళు మూడుసార్లు పారబోసి, కుంకుడు రసంలో ఉతికి, దండెం మీద ఆరేసి, ఎవరి కంటా పడకుండా పైన పాతచీర కప్పాలి. వానాకాలంలో అవి ఆరవు. చెమ్మ బట్టే పెట్టుకుని పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. తొడలు ఒరుసుకుపోయి, నడుస్తుంటే ప్రాణం పోయేది. ప్యాడ్లు కొనుక్కుంటానంటే, "ఒక్క ప్యాడు మట్టిల కలువాల్నంటే ఐదువందల ఏండ్లు వడ్తది ప్రమీలా" అన్నాడు. ఆ లెక్క తప్పని నేను అనను. ఐదువందల ఏళ్ళ తర్వాత సంగతి అంత బాగా తెలిసిన మనిషికి ఈ పదకొండు రోజుల సంగతి ఎందుకు తెలియదో నాకు అర్థం కాదు.

ఫిబ్రవరిలో ఒక్కదాన్నే ఖమ్మం పోయి సర్కారు దవాఖానాలో చూపించుకున్నాను. స్కానింగ్ చేసి డాక్టరమ్మ, "గర్భసంచి మంచిగున్నది, గడ్డలు గిట్ల ఏం లేవు. రక్తమే తక్కువున్నది. ఆరునెల్లు గోలీలు వాడు, తగ్గుతది. తడిబట్టలు వద్దు, ప్యాడ్లు వెట్టుకో" అంది.

"తీసేయించుకుంటే వోదా అమ్మా?" అని అడిగాను. మా వైపు అది పుచ్చుపన్ను పీకించుకున్నంత మామూలు మాట. మా అమ్మ తీయించుకుంది, మా అత్త తీయించుకుంది. మా తండాలో ముప్ఫై అయిదు దాటాక గర్భసంచి ఉన్న ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నీకెన్నేండ్లు?"

"ముప్ఫై నాలుగు."

"ఇప్పుడు తీసేస్తే నలభైకే ఒంట్ల బొక్కలు గుల్లయితయ్. ఏ జబ్బు లేనిదాన్ని ఎందుకు కోసి తీపిచ్చుకుంటవ్ బిడ్డా? బయట ఎవరన్న తీస్తమన్నా తియ్యనియ్యకు. మాటియ్యి నాకు."

మాటిచ్చాను. నా శరీరం గురించి ఒక మనిషి నన్ను అలా బతిమాలడం అదే మొదటిసారి. ఇల్లందు బస్సెక్కేముందు ఒక మందుల షాపులో ప్యాడ్ల ప్యాకెట్టు కొన్నాను. అంగన్‌వాడీలో కోడిగుడ్ల అట్టల వెనక, నాటుసారా దాచినట్టు దాచుకున్నాను. ఆ నెల కూర్చున్నచోటి నుంచి లేచినప్పుడు వెనక్కి తిరిగి చీర చూసుకోలేదు. పొద్దున అరగంట ఎక్కువ పడుకున్నాను. ఇంత చిన్న సుఖానికి ఏడుపు వస్తుందని నాకు తెలియదు.

మార్చిలో మహిళా దినోత్సవానికి సంఘం వాళ్ళు ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. సారు మైకు పట్టుకుని నీళ్ళ గురించి, మట్టి గురించి చెప్పి, చివరికి నా వైపు చెయ్యి చూపించాడు. "బయట ఎంతనన్న చెప్పొచ్చు, ఇంట్ల చేసి చూపియ్యాలె. మా మేడమ్ ఇప్పటికీ బట్టనే వాడ్తది. పదమూడేండ్ల సంది మా ఇంటికెళ్ళి ఒక్క ప్యాడు గూడ భూమిల వడలే!" హాలంతా చప్పట్లు. అప్పుడు నేను ప్యాడు పెట్టుకునే కూర్చున్నాను. ఒక్క క్షణం నవ్వొచ్చింది. తర్వాత చూస్తే మూడో వరసలో జంపయ్య ఉన్నాడు, మా అంగన్‌వాడీ పక్కన కిరాణం దుకాణం ఆయన. నా మొహం చూడటం లేదు, నడుం కింద చూస్తున్నాడు. నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. చేతిలో వేపమొక్క పెట్టారు.

బండి మీద ఇంటికి వస్తూ, "పదిమందిల నా సంగతి ఎందుకు చెప్పినవ్?" అన్నాను.

"సిగ్గువడే రోజులు పోయినయ్ ప్రమీలా. ఇది సైన్సు" అన్నాడు.

సిగ్గుపడకూడదన్నది మంచి మాటే. నేను ఎప్పుడు సిగ్గుపడటం మానెయ్యాలో కూడా ఆయనే నిర్ణయించాడు, అక్కడ కాలింది నాకు. మర్నాడు పోపుగింజలకు పోతే జంపయ్య, "మేడమ్, మీరు గ్రేట్. మా ఆడోళ్ళకు గూడ జెర నేర్పుండ్రి" అన్నాడు. పొట్లం తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ దుకాణానికి పోలేదు.

ఇక వాడిన ప్యాడ్లు ఎక్కడ పడెయ్యాలి? మున్సిపాలిటీ బండి మా ఇంటి ముందు ఆగదు, సారు వద్దని చెప్పాడు. అంగన్‌వాడీ వీధిలో చెత్తకుండీ ఉంది గానీ అది జంపయ్య దుకాణం ఎదురుగానే. కాగితంలో చుట్టి తెచ్చి కంపోస్టు గుంతలో మోచేతి లోతున పాతిపెట్టాను. ఆ గుంతను నేను తప్ప ఎవరూ ముట్టరు. ఆ ఇంట్లో పూర్తిగా నాదైన చోటు అదొక్కటే. ఎరువు కావలసిన చోట అది పెట్టడం తప్పని తెలుసు. ఆరునెలల గోలీలు అయిపోయేదాకా కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఏప్రిల్లో సారు తన బడిపిల్లలను ఇరవైమందిని మా ఇల్లు చూడటానికి తీసుకొచ్చాడు. నేను మజ్జిగ గ్లాసులు సర్దుతున్నాను. పెరట్లో ఆయన గొంతు వినిపించింది: "ఇగో, చెత్త బంగారమెట్లయితదో చూడుండ్రి." పదమూడేళ్ళలో మొట్టమొదటిసారి ఆయన పార పట్టాడు. పట్టినవాడు పైపైన తవ్వి ఊరుకోవచ్చు కదా, పిల్లల ముందు ఉత్సాహం కొద్దీ లోతుగా దించాడు. పార మీద తెల్లగా ఉబ్బి, మట్టీ నెత్తురూ కలిసి, నా ప్యాడు పైకి వచ్చింది. మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఆడపిల్లలు తలలు వంచుకున్నారు. మా అత్త ద్వాలి వరండాలో కూర్చుని ఉంది, ఆమె గట్టిగా "ఏంది గది?" అని అడిగింది.

"పక్కింటోళ్ళు ఎవరో ఏసిన్రు" అన్నాడు సారు. పిల్లలను పంపించి లోపలికి వచ్చాడు. అరవలేదు, ఆయన ఎప్పుడూ అరవడు. "పిల్లల ముంగట ఇజ్జత్ తీసినవ్. ఇన్నేండ్ల కష్టం ఒక్క దినంల మట్టిల కలిపినవ్."

"ఎవరి కష్టం సారూ?" అన్నాను.

ఆయన నా వైపు నిజంగా అర్థంకానట్టు చూశాడు. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది. దవాఖానా చీటీ తీసి చూపించాను, ఆరునెలలే అన్నాను. చీటీ అంతా చదివాడు. "గోలీలు వాడుకో, నేను వద్దన్ననా? గా ప్యాడ్లు మాత్రం మనింటికి రావద్దు" అన్నాడు. మళ్ళీ బకెట్టు దగ్గర కూర్చున్నాను. గోలీలతో పదకొండు రోజులు ఎనిమిదికి దిగాయి. ఆ ఎనిమిది రోజులూ ఉతికాను.

అత్త నన్ను చూస్తూనే ఉంది. ఇంట్లో ఆమె మాట్లాడేది మా లంబాడీ భాష, తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "గింత లొల్లి దేనికి పిల్లా, తీపిచ్చుకో. పీడ వోతది. నేను తీపిచ్చుకున్ననాడు మూడు నెల్లు నీళ్ళల్ల చెయ్యి వెట్టనియ్యలే మీ మామ. గంత తాగుబోతాయన, తానే బిందె ఎత్తిండు! కూసున్నకాడికి అన్నం తెచ్చిన్రు నాకు." చెబుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది. ఆడవాళ్ళు తమ పెళ్ళి గురించి కూడా అంత సంబరంగా చెప్పరు.

అది మా దగ్గర ఎవరూ రాయని చట్టం. జ్వరానికి సెలవు లేదు. నెలసరికి లేదు. అలసటకు అసలే లేదు, ఆ మాటంటేనే నవ్వుతారు. గర్భసంచి ఆపరేషన్‌కు మాత్రం మూడు నెలలు. నడుముకు బెల్టు కట్టుకున్న ఆడదానికి బకెట్టు అందించడానికి ఎంత మొరటువాడికైనా చెయ్యి రాదు. మా అమ్మ మంగ్లి కూడా ఆ మూడు నెలలే మంచం మీద పగటిపూట పడుకుని కనిపించింది నాకు. చిన్నపిల్లను, అమ్మకు ఏదో మంచి జరిగిందనుకున్నాను. తండాలో ఆడవాళ్ళు అంతమంది ఎందుకు తీయించుకున్నారో డాక్టర్లు రకరకాలుగా చెబుతారు. ఒక్క కారణం ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

డాక్టరమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది. ఆరునెలలు ఓపిక పడితే తగ్గుతుందనీ తెలుసు. తగ్గాక మిగిలేది ఏమిటి? పాలక్యాను, కుంకుడుకాయలు, పార, ఆయన స్టేటస్సులో నా చేతులు. కొన్ని రోజులు నాతో నేనే వాదించుకున్నాను. చివరికి ఒకరోజు బిందె దించుతూ, "అత్త చెప్పినట్టే తీపిచ్చుకుంట" అన్నాను. "అవ్, మంచిగుంటది. రోజూ ఈ లొల్లి ఉండది" అన్నాడు సారు. వద్దంటాడేమోనని ఒక్క నిమిషం ఎదురు చూశాను.

మే నెల సెలవుల్లో ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాకు పోయాం. డాక్టరు ఐదు నిమిషాలు చూశాడు. "ఎంతమంది పిల్లలు?" అన్నాడు. ఒక్క కొడుకు, గురుకులంలో చదువుతున్నాడని చెప్పాను. "ఇంక పిల్లలు వద్దు గదా, మరి అదెందుకు? తీసేద్దాం" అన్నాడు. పాత చీటీ నా సంచిలోనే ఉంది. తియ్యలేదు.

నర్సు కాగితాలు తెచ్చింది. సారు ప్రతి లైనూ చదివి తన చోట సంతకం పెట్టాడు. పెట్టి, "ఒక మాట అడుగుత సిస్టర్. తీసినదాన్ని ఏం జేస్తరు? మంచిగ కాలవెడ్తరా? కవర్లల్ల కట్టి బయట పారేస్తే నీళ్ళు ఖరాబయితయ్" అన్నాడు.

నర్సు ఆయన్ని చూసి, నన్ను చూసి, "అదంతా పద్ధతి ప్రకారమే చేస్తరు సార్" అంది. ఆయన తృప్తిగా తల ఊపి ఎవరికో ఫోను చెయ్యడానికి బయటికి పోయాడు.

"మీకేమన్న అనుమానాలున్నయా మేడమ్?" అని నర్సు పెన్ను నా చేతికిచ్చింది.

"రెస్టు ఎన్ని నెలలు రాస్తరు?"

"మూడు నెలలు."

"నాలుగు రాయరా అమ్మా?"

నేను హాస్యమాడుతున్నాననుకుని ఆ పిల్ల నవ్వింది. "మూడే మేడమ్. అందరికీ గంతే" అంది.

సరేనని సంతకం పెట్టాను.