గింకా పిన్ని గీజర్ ఆపే ఉంది

ఆ మెట్లదారి మీదున్న వాటాల్లో ఎవరింట్లోనైనా సరే, స్నానానికి లేచినవాళ్ళని "గీజర్ ఆపావా?" అని అడగాల్సిందే. స్విచ్చి స్నానాలగది బయట, తలుపు పక్కనే ఉంటుంది. దాని మీద ఎర్రదీపం వెలుగుతుంటే లోపల అడుగు పెట్టకూడదు. నీళ్ళు కాగాక ఆపి, ఆ తర్వాతే ఒంటి మీద పోసుకోవాలి. బిల్యానా అయితే ఆపాక కూడా ఓసారి వెనక్కి వచ్చి చూసుకునేది. కూతురు మిలా కడుపున పడ్డప్పటినుంచీ ఆమెకి అన్నీ భయాలే. కిటికీ అంటే భయం, పొయ్యి అంటే భయం, ద్రాక్షపండు పిల్ల గొంతుకి అడ్డం పడుతుందేమోనని భయం.

"భయపడ్డానికి జీతమిచ్చేవాడుంటే నువ్వీపాటికి మేనేజరువయ్యేదానివే," అనేవాడు మొగుడు స్తామెన్.

స్తామెన్ ఎలక్ట్రీషియన్. వాళ్ళుండేది పెర్నిక్ ఊళ్ళో, బొగ్గుగనుల వాళ్ళకోసం ఎప్పుడో కట్టిన బ్లాకులో. కట్టిననాడు ఇళ్ళకి రెండే తీగలు లాగారు, ఎర్త్ తీగ ఊసే లేదు. అందుకని మిలా పుట్టిన ఏడు అతను గీజర్ ఒంటికి ఒక తీగ కట్టి, రెండో కొసని కిందినుంచి పైదాకా అన్ని వాటాల్లోంచీ పోయే ఇనప నీళ్ళగొట్టానికి బిగించాడు.

"ఈ గొట్టం పోయి పోయి నేలలో దిగుతుంది. గీజర్ ఎప్పుడైనా చెడి కరెంటు బయటికొస్తే, ఇదుగో ఇలా మట్టిలోకి పోతుంది. ఫ్యూజు ఎగురుతుంది. ఇంక నీ కూతురు మహారాణిలా జలకాలాడొచ్చు," అన్నాడు.

అది చూసి తమకూ కట్టిపెట్టమని ఇరుగుపొరుగు అడిగారు. కాదనలేదు. ఒకరు రకీయా సారా సీసా చేతిలో పెట్టారు, ఒకరు కాల్చిన మిరపకాయల పచ్చడి జాడీ ఇచ్చారు. పై వాటా గింకా పిన్ని ఒక్కతే వద్దంది. "నా గీజర్ నాకంటే ముసలిది నాయనా. దాన్ని కదిపితే నన్నే తిడుతుంది."

గింకా పిన్ని చుట్టమేం కాదు. తల్లి లేని బిల్యానాకి పురిటిలో పత్యం పెట్టింది ఆవిడే, రాత్రుళ్ళు మిలాని ఎత్తుకుని తిరిగింది ఆవిడే. రోజూ మధ్యాహ్నం కిందికి దిగొచ్చి కాఫీ తాగి, కప్పు బోర్లించి, ఆ మడ్డి ఆకారాల్లో జోస్యంలా బిల్యానాకి పుట్టబోయే కొడుకుల్ని చూసేది.

చలికాలం మొదట్లో ఓ రోజు అంది, "ఏమే పిల్లా, నా కొళాయి నన్ను కొరుకుతోందే."

"కీళ్ళనొప్పులేమో పిన్నీ."

"కీళ్ళనొప్పి కొళాయి ముట్టుకుంటే వచ్చి, వదిలితే పోతుందా? నాకు పళ్ళూడాయి గానీ బుద్ధి ఊడలేదు."

స్తామెన్ నవ్వుతూనే పైకెళ్ళి చూశాడు. ఆవిడ గీజర్‌కీ కొళాయికీ టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. ఎలా వెలుగుతుంది? ఆ వేళకి కింద బిల్యానా తమ గీజర్ ఆపేసి పిల్లకి నీళ్ళు పోస్తోంది. ఆ సంగతి అప్పుడు ఎవరికి తోచింది?

గింకా పిన్ని పోయిన రోజు కూడా మామూలు రోజే. "రెండు చెంబులు పోసుకుని వస్తా, కాఫీ పెట్టు," అని మెట్ల మీదినుంచి కేకేసింది. బిల్యానా పొయ్యి మీద కాఫీ పెట్టింది. మిలా స్నానానికని గీజర్ వేసింది. కాఫీ చల్లారింది. మళ్ళీ వెచ్చబెట్టింది. అదీ చల్లారాక గీజర్ ఆపి, పైకెళ్ళి తలుపు కొట్టింది.

తోసి చూస్తే, తొట్టిలో ఒరిగిపోయి ఉంది పిన్ని. డాక్టరొచ్చి స్విచ్చి చూశాడు. దీపం లేదు, ఆపే ఉంది. వయసు అడిగాడు. గుండె, అన్నాడు. అందరూ తలలూపారు. గీజర్ ఆపుకుని స్నానం చేసిన మనిషిని కరెంటు ఎలా ముడుతుంది?

బ్లాకు సింహద్వారం తలుపు మీద ఆవిడ ఫొటో ఉన్న నల్ల అంచు చావుకబురు కాయితం అతికించింది స్తామెనే. గాలికి లేవకుండా నాలుగు మూలలా అరచేత్తో అద్దుతూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

తొమ్మిదో రోజున సమాధి దగ్గర పంచడానికి గోధుమలు ఉడికిస్తారు. ఆ పని తనే చేస్తానని, చావుకొచ్చి పై వాటాలోనే ఉంటున్న పిన్ని కొడుకు వెలిన్‌కి బిల్యానా మాటిచ్చింది. ఎప్పుడూ గీజర్ ఆపాకే నీళ్ళు ముట్టుకునే మనిషి, ఆ పొద్దున తొందరలో గీజర్ వేసి ఉండగానే వంటింట్లో గోధుమలు కడగబోయింది. కొళాయి తిప్పగానే చెయ్యి ఝుమ్మంది. రబ్బరు చెప్పులు వేసుకుంది కాబట్టి అంతటితో పోయింది. కెవ్వున వెనక్కి దూకింది. గోధుమలు నేలంతా చిందాయి.

కొరుకుతోందే, అన్న మాట చెవిలో మోగింది.

స్తామెన్ సంచిలోంచి టెస్టర్ తీసి గొట్టానికి ఆనించింది. ఎర్రగా వెలిగింది. పరుగున వెళ్ళి గీజర్ ఆపి వచ్చి మళ్ళీ పెట్టింది. ఆరిపోయింది. మళ్ళీ వేసింది. వెలిగింది. ఆపేసి, అక్కడే గోధుమల మధ్య కూలబడింది. మిలా వచ్చి తల్లి ఒళ్ళో కూర్చుని, గింజలు ఏరి ఆమె చేతిలో పెడుతోంది.

స్తామెన్ రొట్టె కొనుక్కుని వచ్చేసరికి అదే కూర్చోవడం. చెప్పింది. అతను గొట్టం వెంటే చూసుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు మొహాన నెత్తురుచుక్క లేదు.

"రెండో అంతస్తు కుర్రాడు స్నానాలగది బాగు చేయించుకున్నప్పుడు ఇనప గొట్టం కోసేసి తెల్ల ప్లాస్టిక్‌ది వేయించాడు. కరెంటు అక్కడితో ఆగిపోయింది బిల్యానా. కిందికి దారి లేదు. మన గీజర్ లోపల ఎప్పుడు చెడిందో ఏమో, అది వేసినప్పుడల్లా నేను కట్టిన తీగ మీదుగా పైనున్న కొళాయిలన్నిటికీ కరెంటే. పిన్ని తొట్టి ఇనపది, దాని మురుగుగొట్టం నేలలోకి దిగుతుంది. చేతిలో కొళాయి, ఒళ్ళంతా తడి... ఆ గొట్టం వేస్తున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. వాడికి లైటు పట్టుకున్నాను. మంచి పని చేశావురా, తుప్పు బాధ వదిలింది అని కూడా అన్నాను."

"వేసింది నేను," అంది బిల్యానా. "ఆ రోజు స్విచ్చి వేసింది నేనే."

"కట్టింది నేను."

అతను పనిముట్ల సంచి తీశాడు. "మనది కోసేస్తాను. మిగతావాళ్ళవి... చెకింగు అనో, ఇంకోటనో చెప్పి ఒక్కోటీ తీసేస్తాను. వారంలో అయిపోతుంది."

"వారమా? ఇవాళ శనివారం, అందరూ స్నానాలు చేసే రోజు! పిన్ని వాటా మీద అంతస్తులో నెలల పసిగుడ్డు ఉంది స్తామెన్. ఇంకెవరి గీజర్ చెడి ఉందో నీకు తెలుసా? కింద మెయిన్ బోర్డు తాళం నీ దగ్గరేగా. ఫ్యూజులు పీకెయ్!"

"పీకితే అందరూ బయటికొస్తారు. ఎందుకని అడుగుతారు."

"అడగనీ."

"ఏం చెప్పను? పిన్నిని నేను చంపానని చెప్పనా? నన్ను తీసుకుపోతారు బిల్యానా. మిలాకి నాలుగేళ్ళు రాలేదు. వెలిన్ పాపం తల్లి నిద్రపోయినట్టు పోయిందనుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. అది కూడా లాగేసుకోమంటావా వాడి దగ్గర?"

ఆమె మొగుడి చేతుల వంక చూసింది. మిలాకి ఉయ్యాల గరుకు తగలకూడదని చెక్కని గాజులా నున్నగా తోమిన చేతులవి. ఈ ఇంట్లో ఏది చేసినా ఆమె భయం పోగొట్టడానికే చేశాడు. ఆ తీగ కూడా అందుకే కట్టాడు. ఈ మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుంది.

అప్పుడే నెత్తిన, పిన్ని వాటాలో, అడుగుల చప్పుడయింది. స్నానాలగది తలుపు కిర్రుమంది. వెలిన్. సమాధి దగ్గరికి వెళ్ళేముందు స్నానం చేయబోతున్నాడు. తమ గీజర్ ఆపి ఉంది గానీ, మిగతా వాటాలవి?

బిల్యానా మిలాని మొగుడి చేతుల్లో పడేసి పరుగెత్తింది. మెట్ల మీద ఒక చెప్పు జారిపోయింది. రెండు చేతులతో తలుపు బాదింది. "వెలిన్ అన్నా! నీళ్ళు ముట్టుకోకు! నీళ్ళు ముట్టుకోకు అన్నా!"

తలుపు తెరుచుకుంది. భుజాన తువ్వాలుతో, పొడిగా, ప్రాణాలతో నిలబడ్డాడు వెలిన్. "ఏంటమ్మా, ఇల్లేమైనా తగలబడుతోందా? గీజర్ ఆపాన్లే, భయపడకు."

బిల్యానా గుమ్మంలోనే కూర్చుండిపోయి అన్నీ చెప్పింది. తీగ, గొట్టం, ప్లాస్టిక్, తను వేసిన స్విచ్చి. వరసలేదు, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పింది. వెలిన్ తువ్వాలు తీసి మడత పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

"అరిచిందా?" అన్నాడు చివరికి. "మా అమ్మ. నువ్వు కిందే ఉన్నావుగా. ఏమైనా వినిపించిందా?"

ఇది ఆమె స్తామెన్‌కి కూడా చెప్పలేదు. "నీళ్ళ చప్పుడు వినిపించింది అన్నా. పోతూనే ఉన్నాయి, చాలాసేపు. పిన్ని ఇవాళ బాగా తీరిగ్గా పోసుకుంటోంది అనుకున్నాను."

వెలిన్ గోడకి తల ఆనించాడు.

ఉన్నట్టుండి మెట్ల మీది దీపం ఆరిపోయింది. గోడల వెనక ఫ్రిజ్‌ల రొద, టీవీల గోల అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తెరుచుకున్నాయి.

"ఏమైంది? కరెంటు పోయిందా?"

"స్తామెన్‌ని పిలవండర్రా!"

"నా జుట్టు నిండా సబ్బుంది, ఇప్పుడే పోవాలా ఇది!"

అట్టడుగునుంచి స్తామెన్ గొంతు వినిపించింది. మిలాని ఇంకా ఎత్తుకునే ఉన్నట్టున్నాడు, ఏదో అడుగుతున్న పిల్ల గొంతు కూడా మధ్యలో కలిసింది.

"పోలేదు. నేనే తీశాను. ఎవరూ నీళ్ళు ముట్టుకోకండి. అందరూ ఒకసారి కిందికి రండి, చెప్పాలి."

వెలిన్ బిల్యానా పక్కనుంచి దాటి, చీకట్లో మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టాడు. బిల్యానా అతన్ని ఆపలేదు. లేచి, వెనకే దిగింది.