కోచ్ పక్క కుర్చీ

"ఎలాగూ ఇంట్లో బట్టలు ఉతికేదానివే కదా, పనిలో పనిగా వాళ్ల జెర్సీలు కూడా మెషీన్‌లో పడేస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మా ఆయన.

క్లబ్బులో బట్టలుతికే ఆవిడ సెలవు పెట్టింది. హెడ్ కోచ్ మగవాడైన ఫిట్‌నెస్ ట్రైనర్‌కి ఫోన్ చెయ్యలేదు, జెర్సీలు ఉతకమని నాకే చేశాడు. నేను ఈ క్లబ్బు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌గా చేసినదాన్ని. మోకాలు పాడై ఆట మానేశాక, కోచింగ్ పరీక్షలు పాసై, అదే జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా చేరాను. "ఆడినన్నాళ్లు ఆడావు, ఇక కాస్త కూర్చోమ్మా" అంటుంది మా అత్తగారు. ఆవిడ కూర్చోమన్న ఇంట్లో నేను కూర్చునేది భోజనానికే, అదీ అందరూ లేచాక.

హెడ్ కోచ్ పదవి ఖాళీ అయినప్పుడు అది నాకే అనుకున్నారు అమ్మాయిలంతా. క్లబ్బు ప్రెసిడెంటుగారు పిలిచి, "మీరు పిల్లల్ని కన్నతల్లిలా చూసుకుంటారమ్మా, ఆ పని ఇంకెవరి వల్లా కాదు" అని మెచ్చుకుని, మగవాళ్ల జట్టు నుంచి ఒకతన్ని తెచ్చి నా నెత్తిన కూర్చోబెట్టారు. చెడ్డవాడు కాదు. మా అమ్మాయిల ఆటే అతనికి తెలియదు. ఆట మధ్యలో టైమౌట్ రాగానే, ఎత్తుగడలు గీసే బోర్డు నా ఒళ్లోకి జరుపుతాడు. నేను తలవంచుకుని గీస్తాను, అతను తలెత్తి చెబుతాడు. గెలిచిన మర్నాడు పేపర్లో అతని ఫొటో. "మీ సారుది బుర్రంటే బుర్ర!" అన్నాడు మా ఆయన. ఆ బుర్ర నాదేనంటే నవ్వాడు. "మరి నీ ఫొటో వెయ్యరేం?" వెక్కిరింపుకే అడిగాడు. అంట్లు తోముతున్నా, పక్క దులుపుతున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే, ఎందుకు వెయ్యరు? నేనెప్పుడైనా తలెత్తితే కదా!

సెమీఫైనల్ ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడ్డాం. టైమౌట్. బోర్డు మామూలుగానే నా ఒళ్లోకి వచ్చింది. గీయలేదు. దాన్ని పట్టుకుని లేచాను. మోకాలు కలుక్కుమంది. అమ్మాయిల మధ్యకి వెళ్లి నిలబడ్డాను.

"మన పొడుగమ్మాయి మీదకి ఇద్దరొస్తారు. రానివ్వండి. బంతి మూలన ఉన్న పొట్టిదానికి. ఏయ్ పొట్టీ, ఆలోచించకు, వేసెయ్."

"అలాగే అక్కా."

హెడ్ కోచ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

చెప్పినట్టే ఇద్దరూ పొడుగమ్మాయి మీద పడ్డారు. మూలన పొట్టిదానికి అడ్డు లేదు. అది వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి పడింది.

ఓడిపోయాం.

డ్రెస్సింగ్ రూములో పొట్టిది వెక్కి వెక్కి ఏడుస్తుంటే ప్రెసిడెంటుగారు తోసుకొచ్చారు. "అందరిలోకీ చిన్నపిల్లకా ఆఖరి బంతి? ఎవరి తెలివితేటలివి?"

అడుగుతూ ఆయన చూసింది హెడ్ కోచ్ వైపు. నేను నోరు మూసుకుంటే ఈ ఓటమి కూడా గెలుపుల్లాగే అతని ఖాతాలోకి పోయేది. ఇన్నాళ్లలో మొదటిసారి, మాట్లాడకపోవడంలో నాకు లాభముంది.

"నావేనండీ" అన్నాను. "మళ్లీ ఆడినా ఆ బంతి దానికే ఇప్పిస్తాను."

పొట్టిది ఏడుపు ఆపి నావైపు చూసింది.

"మీకెందుకమ్మా ఇవన్నీ? మీరు పిల్లల్ని చూసుకోక..."

"వచ్చే సీజన్‌కి హెడ్ కోచ్ కోసం మీరు వెతకనక్కర్లేదండీ, నేనున్నాను. అసిస్టెంట్‌ని మాత్రం వెతుక్కోండి."